కారణము దొరకని బాలవ్యాధి: కవాసాకి వైద్యుని అన్వేషణ

భిలాయి ఉక్కు నగరమున మరోదా వంటి పేటలలో కాపురముండు కుటుంబములకు కార్యకారణ సంబంధమును గూర్చి తర్కశాస్త్రము చదివి తెలిసికొనవలసిన పని లేదు. కర్మాగారమున ఒక యంత్రము నిలిచినచో, అది ఏల నిలిచినదో ముందు తేలవలయును. గొట్టము పగిలినను, బేరింగు కాలినను, కారణము కాగితము మీదికి ఎక్కిన పిమ్మటనే మరమ్మతు. పొగను చూచి నిప్పును ఊహించుట అచ్చటి పిల్లలకు సైతము అలవాటైన విద్య. అట్టి ఊరిలో ఒక తల్లి, జ్వరముతో కాగిపోవుచున్న బిడ్డను ఒడిలో పెట్టుకొని, “ఇది ఎందువలన వచ్చినది బాబూ?” అని అడిగినప్పుడు, “తెలియదమ్మా” అని వైద్యుడు బదులు చెప్పవలసి వచ్చినచో, ఆ మాట చెప్పుటయు కష్టమే, వినుటయు కష్టమే. అయినను, అట్లు చెప్పక తప్పని వ్యాధి ఒకటి కలదు. అది పసిపిల్లల రక్తనాళములను వాచునట్లు చేయును. కొందరిలో హృదయమునకు రక్తమునందించు నాళములనే చెఱచును. దానికి కవాసాకి వ్యాధి అని పేరు. అరువదియేండ్లకు పైగా లోకమందలి పండితులు దాని మూలమును వెదకుచునే యున్నారు. ఆ వెదకులాట చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

భిలాయిలో తొలి బ్లాస్టు ఫర్నేసును నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించినది 1959 ఫిబ్రవరి 4వ తేదీన. అటు పిమ్మట రెండేండ్లు గడచెను. 1961 జనవరి మాసమున, ఎక్కడో దూరమున నున్న టోక్యో నగరములో, జపాను రెడ్‌క్రాసు ఆస్పత్రికి నాలుగేండ్ల బాలు నొకనిని తీసికొని వచ్చిరి. వానికి విడువని జ్వరము. కన్నులు రెండును ఎఱ్ఱబారినవి. కాని కండ్లకలకలో వలె పుసి కట్టలేదు. పెదవులు ఎఱ్ఱనై, ఎండి, పగిలినవి. నాలుక మీద ముండ్లు లేచినట్లుండెను. మెడలో బిళ్ళ కట్టెను. ఒంటినిండ దద్దురు. అరచేతులును అరికాళ్ళును ఎఱ్ఱబారి ఉబ్బెను. కొన్నాళ్ళకు వ్రేళ్ళ కొనలనుండి చర్మము పొరలుగా ఊడసాగెను. తట్టు అందుమా, లక్షణములన్నియు కలియవు. స్కార్లెట్ జ్వరమందుమా, అదియును కాదు.

ఆ బాలుని చూచిన వైద్యుడు తోమిసాకు కవాసాకి. ఆయన 1925 ఫిబ్రవరి 7వ తేదీన టోక్యోలోని అసాకుసా పేటలో, ఏడుగురు సంతానములో కడగొట్టువాడుగా జన్మించెను. చిబాలో వైద్యవిద్య ముగించి 1948లో పట్టము పొందెను. 1950 నుండి ఆ రెడ్‌క్రాసు ఆస్పత్రిలోనే పిల్లల వైద్యుడుగా నుండెను. కవాసాకి అనునది ఆయన ఇంటిపేరు. ఆ పేరుగల నగరముతో గాని, మోటారు సైకిళ్ళ కంపెనీతో గాని ఈ వ్యాధికి సంబంధమేమియు లేదు. పదియేండ్ల అనుభవముగల ఆ వైద్యుడు తనకు తెలిసిన రోగములన్నింటితోను పోల్చి చూచెను. దేనితోను సరిపడలేదు. పిల్లవాడు కోలుకొని ఇంటికి పోవునాటికి కూడ రోగమునకు పేరు తేలలేదు. తెలిసిన రోగమునేదో ఒకదానిని వ్రాసి ఆ కేసును ముగించుట సులభము; లోకమున చాలమంది చేయు పనియును అదియే. కవాసాకి అట్లు చేయలేదు. ‘నిర్ణయము కాలేదు’ అనియే వ్రాసి యుంచెను. కచ్చేరీ భాషలో చెప్పవలెనన్న, ఆయన ఆ ఫైలును మూయలేదు.

ఏడాది తిరుగక తప్పదన్నట్లు అట్టి లక్షణములతోనే రెండవ బిడ్డ వచ్చెను. ఆ వెనుక మఱికొందరు వచ్చిరి. 1962లో కవాసాకి ఏడుగురు పిల్లల వివరములను వైద్యుల సభ యెదుట ఉంచెను. పెద్దలు పెదవి విరచిరి. ఇది క్రొత్త వ్యాధి కాదు, తెలిసిన చర్మరోగములలోనే ఒక మార్పు అని పలువురి అభిప్రాయము. పేరుమోసిన ఆచార్యుడు కాక, ఆస్పత్రిలో దినదినము రోగులను చూచు సాధారణ వైద్యుడు క్రొత్త రోగమును కనుగొంటినని చెప్పినచో నమ్ముటకు లోకము తొందరపడదు. కవాసాకి వాదమునకు దిగలేదు. రోగులను లెక్కించుచు పోయెను. ఒక్కొక్క బిడ్డ జ్వరము ఎన్ని దినములున్నది, దద్దురు ఎక్కడ పుట్టినది, చర్మము ఎన్నవ దినమున ఊడినది అను వివరములను కూర్చుకొనెను. ఆరేండ్లకు ఏబదిమంది అయిరి. 1967లో అలర్జీ వైద్యమునకు సంబంధించిన ఒక జపాను పత్రికలో, జపాను భాషలో, 44 పుటల వ్యాసము వెలువడెను. నేటికిని పిల్లల వైద్యులు ఈ వ్యాధిని గుర్తించుటకు ముఖ్యముగా ఆధారపడు లక్షణములు ఆనాడు ఆయన వ్రాసినవే.

అయితే ఆ గొప్ప వ్యాసములోనే ఒక పొరపాటు దొరలినది. ఈ వ్యాధి దానంతట అదే తగ్గిపోవుననియు, వెనుక ఏ చెఱుపును మిగుల్పదనియు కవాసాకి నాడు తలచెను. తాను చూచిన బిడ్డలందరు కోలుకొనుటయే ఆ నమ్మకమునకు ఆధారము. కాని అదే ఆస్పత్రిలో రోగనిర్మాణ శాస్త్రజ్ఞుడైన నొబోరు తనాక, 1965లో చనిపోయిన ఒక బిడ్డ శరీరమును పరీక్షించి, హృదయధమనిలో నెత్తురు గడ్డకట్టి యుండుటను చూచి యుండెను. ఆ బిడ్డకు అంతకు ముందు వచ్చినది ఈ వ్యాధియే. టోక్యోలోని సెయింట్ లూక్స్ ఆస్పత్రి వైద్యుడు తకాజిరో యమమోతో కూడ ఇట్టి పిల్లలలో హృదయపు నడకలో మార్పులు కనబడుచున్నవని 1968లో ప్రకటించెను. ఆయన పరిశీలించిన 23 మందిలో 11 మందికి హృదయ పరీక్షలో తేడాలుండెను. హృదయమును తాకునా, తాకదా అను చర్చ కొంతకాలము సాగెను.

ఆ చర్చను తీర్చినది దేశవ్యాప్తమైన లెక్క. 1970లో జపాను ప్రభుత్వపు తోడ్పాటుతో పరిశోధక సంఘ మొకటి ఏర్పడి, ఆస్పత్రులన్నింటికి ప్రశ్నపత్రములు పంపెను. వచ్చిన జవాబులలో పదిమంది శిశువుల మరణములు బయటపడెను. ఆ శిశువులు జ్వరము తగ్గి, దద్దురు మాయమై, కోలుకొన్నట్లే కనిపించి, ఆ పిమ్మట హఠాత్తుగా చనిపోయిరి. శవపరీక్షలో హృదయధమనులు ఉబ్బి, అందులో నెత్తురు గడ్డకట్టి యుండెను. పసిబిడ్డలకు గుండెపోటు! వైద్యులెవ్వరును కలనైనను ఊహింపని సంగతి. ఒక్కొక్క ఆస్పత్రిలో ఒక్కొక్క మరణము విడివిడిగా నున్నంతకాలము అది దైవఘటనగా తోచినది. అన్నింటిని ఒకచోట చేర్చినప్పుడే దాని అర్థము తెలిసినది. తన మాట తప్పని తేలినప్పుడు కవాసాకి దానిని ఒప్పుకొని, తక్కినవారితో కలిసి పని సాగించెను. ఆ దేశవ్యాప్తపు లెక్క నాటినుండి రెండేండ్ల కొకమారుగా జరుగుచు వచ్చినది.

శరీరమున జరుగునది ఏమనగా: మనలను కాపాడవలసిన రక్షకబలమే ఎందులకో రేగి, మధ్య పరిమాణముగల ధమనుల గోడలపై బడును. గోడ వాచి, బలహీనపడి, నెత్తురు ఒత్తిడికి బుడగవలె ఉబ్బును. పాత గొట్టము ఒకచోట పలుచబడి ఉబ్బుట వంటిదే ఇదియును. ఆ ఉబ్బులో నెత్తురు సుడి తిరిగి గడ్డ కట్టవచ్చును. తగిన చికిత్స లేనిచో, నూటికి ఇరువది మొదలు ఇరువదియైదుమంది పిల్లలలో హృదయధమనులు ఇట్లు చెడును. జ్వరము తగ్గుటయు రోగము తగ్గుటయు ఒకటి కాకపోవుటయే ఈ వ్యాధియందలి మోసము.

ఇది 1961లో పుట్టిన రోగమా అనిన, కాదు. లండనులో సామ్యుల్ గీ అను వైద్యుడు 1871లో ఏడేండ్ల బాలుని శవపరీక్షలో హృదయధమనులు ఉబ్బి యుండుటను వర్ణించెను. అది ఈ వ్యాధియే కావచ్చునని నేటివారి భావన. హవాయి దీవులలో మారియన్ మెలిష్, రాకెల్ హిక్స్ అను వైద్యురాండ్రు, జపాను సంగతి ఎఱుగకయే, 1970 తరువాతి తొలియేండ్లలో ఇట్టి పిల్లలనే గుర్తించి 1976లో ప్రకటించిరి. కవాసాకి వ్యాసము ఆంగ్లమున వెలువడినది 1974లో. అప్పటినుండి లోకమంతట వైద్యులు తమ తమ వార్డులలో ఈ బిడ్డలను చూడసాగిరి. వ్యాధి అంతకుముందును ఉండెను. చూచు కన్ను మాత్రమే లేకుండెను.

ఇక కారణము. జాడలు లేకపోలేదు. వ్యాధి ఎక్కువగా అయిదేండ్ల లోపు పిల్లలకే వచ్చును. ఆరునెలల లోపు శిశువులకు తక్కువ. తల్లినుండి వచ్చిన రక్షణ వారిని కాపాడుచున్నదేమో. ఒకమారు వచ్చినవారికి మరల వచ్చుట అరుదు. ఆడపిల్లలకంటె మగపిల్లలకు అధికము. జపానులో 1979, 1982, 1986 సంవత్సరములలో ఇది పెద్ద అలలుగా విజృంభించెను. ఇవన్నియు అంటురోగపు గుర్తులే. కాని ఒక బిడ్డనుండి ప్రక్కమంచపు బిడ్డకు అంటుట కానరాదు. అంటువ్యాధివలె వచ్చును, అంటువ్యాధివలె పోదు. పరిశోధకుని తల తిరుగునట్టి చిక్కు ఇదియే.

అనుమానితుల జాబితా చాల పొడుగు. ఇంటిలోని దుమ్ములో నుండు సూక్ష్మకీటకములని కొందరనిరి. అమెరికాలో 1980 తరువాత కొందరు రోగుల ఇండ్లలో అంతకు కొన్నాళ్ళ ముందే తివాచీలు కడిగినట్లు తెలిసి, ఆ కడుగు మందునే అనుమానించిరి. చర్మము మీద నుండు ఒక సూక్ష్మజీవి, కొన్ని సూక్ష్మజీవులు విడుచు విషము, ఒక జాతి వైరస్, ఇట్లు ఒకదాని వెనుక నొకటి నేరస్థాన మెక్కినవి. 2005లో ఒక క్రొత్త కరోనా వైరసును అనుమానింపగా, ఇతర చోట్ల చేసిన పరీక్షలు దానిని సమర్థింపలేదు. ఒకచోట దొరికిన సాక్ష్యము వేఱొకచోట నిలువలేదు. శాస్త్రమున ఇది అవమానము కాదు. నిలువని సాక్ష్యమును త్రోసివేయుట కూడ పనియే.

2011లో అన్వేషణ ఆకాశమున కెక్కినది. హావియర్ రోడో, జేన్ బర్న్స్ మొదలగువారు, జపానులో వ్యాధి విజృంభించిన కాలములను గాలి వీచిన దిక్కులతో పోల్చిరి. ఆసియా ఖండపు నడిభాగమునుండి ఎత్తున వీచు గాలులకును వ్యాధి హెచ్చుటకును పొంతన యున్నదని చెప్పిరి. 2014లో ఈశాన్య చైనాలోని పంటభూముల వైపు వ్రేలు చూపిరి. గాలిలో ఏదో వచ్చుచున్నది. అది ఏమో తేలలేదు. మఱియొక దారి వంశమును వెదకుట. హవాయిలో నివసించు జపాను సంతతి పిల్లలలో కూడ ఈ వ్యాధి మిక్కిలి ఎక్కువ. అనగా దేశము మారినను నెత్తురు మారలేదు. 2008లో జపాను పరిశోధకులు ఈ వ్యాధికి లోనగు స్వభావముతో సంబంధముగల ఒక జన్యువును గుర్తించిరి. దీనివలన తేలిన దేమనగా, విత్తనము ఒకటి, నేల యొకటి. ఎల్లరకును తగులు ఏదో సామాన్యమైన విత్తనము, తగిన నేల దొరికిన కొద్దిమంది పిల్లలలో మాత్రమే ఈ రూపమున మొలచుచుండవచ్చును.

2020లో కోవిడు మహమ్మారి వచ్చినప్పుడు ఈ పాత ప్రశ్న క్రొత్తగా లేచెను. ఇటలీలోని బెర్గామోలో మొదట, పిమ్మట అనేక దేశములలో, కోవిడు తగ్గిన కొన్ని వారములకు కొందరు పిల్లలకు కవాసాకి వ్యాధిని పోలిన మంట కనిపించెను. భారతదేశమున కూడ అట్టి పిల్లలు ఆస్పత్రులలో చేరిరి. అది వేఱు వ్యాధియని నిర్ణయమైనది. కాని ఒక వైరస్ పోయిన వెనుక బిడ్డ శరీరము తన రక్తనాళములమీదనే తిరుగబడగలదని అది కన్నుల ముందు చూపినది. అదే కాలమున జపానులో పిల్లలు ముసుగులు ధరించి ఇండ్లలో నుండగా అసలు కవాసాకి వ్యాధి తగ్గుముఖము పట్టెను. గాలి దిక్కులు మాత్రము ముసుగులు ధరించుటచే మారవు గదా! మనిషినుండి మనిషికి వచ్చునదేదో ఇందులో పాలుపంచుకొనుచున్నదను వాదమునకు దీనివలన బలము కలిగెను. అయినను అది ఏదో పట్టువడలేదు.

కర్మాగారపు ధర్మము ప్రకారము కారణము ముందు, మరమ్మతు తరువాత. ఈ వ్యాధి చరిత్రలో అది తారుమారైనది. 1984లో జపాను వైద్యుడు కెన్సే ఫురుషో బృందము, రక్తమునుండి తీసిన గామా గ్లాబ్యులిన్ అను రక్షక ద్రవ్యమును నరములోనికి ఎక్కించినచో హృదయధమనులు చెడుట తగ్గునని చూపెను. 1986లో అమెరికాలో జేన్ న్యూబర్గర్ బృందము 168 మంది పిల్లలతో చేసిన పరీక్ష దానిని స్థిరపఱచెను. ఆస్పిరిన్ మాత్రమే ఇచ్చిన పిల్లలలో ఏడు వారముల పిమ్మట నూటికి 18 మందికి ధమనులలో తేడా కనిపింపగా, ఈ ద్రవ్యమును కూడ ఇచ్చిన పిల్లలలో అది 4 మందికి తగ్గెను. ఈ మందు ఏ యంత్రమునను పుట్టదు. వేలకొలది రక్తదాతల నెత్తురునుండి కొంచెము కొంచెముగా కూడబెట్టినది. ఎవరో ముఖమెఱుగని వేలమంది ఒక బిడ్డ గుండెకు కాపు కాయుచున్నారన్నమాట. కారణము తెలియకయే లోకమున ఎందఱో పిల్లలు బ్రతికిరి.

భారతదేశమున ఈ వ్యాధి మొదట ప్రకటింపబడినది 1977లో, ఢిల్లీనుండి. చండీగఢ్‌లోని వైద్యవిద్యా పరిశోధన సంస్థలో సుర్జీత్ సింగు ప్రభృతులు ఏండ్ల తరబడి లెక్కలు కూర్చిరి. పదునైదేండ్ల లోపు లక్షమంది పిల్లలకు 1994లో 0.51గా నున్న సంఖ్య 2007 నాటికి 4.54 అయినట్లు వారు చూపిరి. జపానులో అయిదేండ్ల లోపు లక్షమందికి ఈ సంఖ్య మున్నూటికి మించినది. చండీగఢ్‌లోని పెరుగుదల వ్యాధి పెరుగుటయా, గుర్తించు వైద్యులు పెరుగుటయా అను ప్రశ్న కలదు. రెండును కొంత కొంత కావచ్చును. మన దేశమున బిడ్డకు జ్వరము విడువకున్నచో టైఫాయిడు అనియో, తట్టు అనియో, మందు పడలేదనియో తలచుట పరిపాటి. ఒంటి రంగు చామనచాయయైనచో ఎఱ్ఱని దద్దురు స్పష్టముగా కనబడదు. లక్షణములన్నియు ఒకేనాడు కనిపింపవు. సోమవారమున కన్నులు ఎఱ్ఱబారి, గురువారమునాటికి అవి మామూలై, అప్పుడు చేతులు ఉబ్బవచ్చును. ఒక్కొక్క దినమున ఒక్కొక్క వైద్యుని చూపినచో ఏ వైద్యునికిని పూర్తి రూపము కనబడదు.

కావున తల్లిదండ్రుల పాలు ఇందులో చిన్నది కాదు. జ్వరము ఏ తేదీన మొదలైనదో వ్రాసి యుంచుట, కన్నులు, పెదవులు, దద్దురు, చేతులు ఎప్పుడెట్లున్నవో గుర్తు పెట్టుకొని వైద్యునికి వరుసగా చెప్పుట వారి పని. అయిదు దినములు దాటినను జ్వరము విడువక, ఈ లక్షణములలో కొన్ని తోడైనచో, కవాసాకి వ్యాధి కావచ్చునా అని పిల్లల వైద్యుని అడుగుట తప్పు కాదు. భుజము మీది బి.సి.జి. మచ్చ ఎఱ్ఱబారుట కూడ ఒక గుర్తు. ఆ టీకా వేయు మన దేశమున అది ఉపకరించును. ఏడాది నిండని శిశువులలో లక్షణములు కొన్ని మాత్రమే కనబడవచ్చును గనుక వారి విషయమున మఱింత జాగ్రత్త వలయును. గామా గ్లాబ్యులిన్ జ్వరము మొదలైన పదిదినములలోగా ఇచ్చుట మేలు. హృదయ ధమనుల స్థితిని ఎకో పరీక్ష చూపును. ఆ పిమ్మట తగ్గినదని మఱచిపోక, వైద్యుడు చెప్పినన్నాళ్ళు గుండెను పరీక్ష చేయించుచుండవలయును. ఊరినుండి ఊరికి బదిలీలపై తిరుగు ఉద్యోగులు, ఇంటి సామానుతో బాటు బిడ్డ వైద్యపు కాగితములను కూడ భద్రముగా వెంట తీసికొని పోవుట అవసరము. క్రొత్త ఊరి వైద్యునికి పాత చరిత్ర చెప్పునది ఆ కాగితములే.

తోమిసాకు కవాసాకి 1990లో ఆస్పత్రి కొలువునుండి విరమించెను. విరమించినను ఈ వ్యాధి పరిశోధనకై టోక్యోలో ఒక కేంద్రమును నెలకొల్పి, తల్లిదండ్రుల సందేహములకు సమాధానము చెప్పుచు, పరిశోధకులను ప్రోత్సహించుచు కాలము గడిపెను. 2020 జూన్ 5వ తేదీన, తన తొంబదియైదవ ఏట కన్ను మూసెను. లోకమంతయు ఆయన పేరుతో పిలుచు వ్యాధికి కారణమేమో ఆయనకు తెలియలేదు. 1961లో ఆయన నిజాయితీతో వ్రాసిన ‘నిర్ణయము కాలేదు’ అను మాటలో రోగము పేరు తేలినది, లక్షణములు తేలినవి, ప్రమాదము తేలినది, చికిత్స దొరికినది. కారణ మొక్కటి మాత్రము నిలువయున్నది.

తెలియనిది తెలియదని వ్రాయుట లోకమున చాలమంది చేయగలరు. వ్రాసి, ఆ కాగితమును అటకెక్కింపక, తరువాతి బిడ్డ వచ్చునాటికి తీసి చూచువారు కొలదిమంది. టోక్యోలోని ఒక సామాన్య వైద్యుడు ఆ పని చేసినందువలననే, నేడు మరోదాలోగాని, శ్రీకాకుళములోగాని, హైదరాబాదులోగాని ఒక తల్లి “ఎందువలన వచ్చినది?” అని అడిగినప్పుడు, వైద్యుడు “తెలియదమ్మా” అన్న తరువాత ఇంకొక మాట కూడ చెప్పగలుగుచున్నాడు: “తెలియకున్నను, ఏమి చేయవలెనో తెలిసినది. సమయమునకు తీసికొని వచ్చితిరి.”